మిషనరీ ఆత్మకథల్లో తగ్గింపు, సమర్పణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

ఈ పాఠంలో మనం చదవబోయే రచనలు తెలుగు సాహిత్య చరిత్రల్లో సాధారణంగా కనిపించవు. ఇవి సముద్రం దాటి వచ్చిన మిషనరీలు ఇంటికి రాసుకున్న ఉత్తరాలు, సొసైటీలకు పంపిన నివేదికలు, వయసు మళ్లాక చెప్పుకున్న జీవిత కథలు. చరిత్ర విద్యార్థులు వీటిని ఆధారాలుగా వాడుకుంటారు, విశ్వాసులు ఆత్మీయ గ్రంథాలుగా చదువుకుంటారు. వీటిని రచనలుగా తీసుకుని, వాక్య నిర్మాణాన్నీ కథనాన్నీ పరిశీలించి విమర్శించే పని మాత్రం తక్కువగా జరిగింది. ఈ పాఠం ఉద్దేశం అదే. ఇక్కడ విశ్వాసం సరైనదా కాదా అన్నది మన ప్రశ్న కాదు. విశ్వాసి అయిన రచయిత తన గురించి, తనతో పనిచేసినవారి గురించి ఎలా రాశాడన్నదే మన ప్రశ్న.

ఈ పాఠానికి ఒక మూలం ఉంది. ఉద్యోగ విరమణ తర్వాత నేను ఎలమంచిలిలో ఉంటున్నాను. ఇది కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఒకప్పుడు కేంద్రంగా పెట్టుకున్న ఊళ్లలో ఒకటి. కొన్నేళ్ల క్రితం ఒక అధ్యయన కేంద్రంలో కాంటాక్ట్ తరగతి చెబుతూ, మిషనరీ రచనల్లో వినయం ప్రధాన గుణమని అన్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థి లేచాడు. పగలు ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పని చేసుకుంటూ డిగ్రీ చదువుతున్న అబ్బాయి. "సార్, వినయమంటే తల దించుకోవడమే అయితే మా తాత పుట్టినప్పటి నుంచీ వినయంగానే ఉన్నాడు. పెద్ద వీధిలోంచి వెళ్తే చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లేవాడట. మరి ఆయనకు మళ్లీ తగ్గింపు నేర్పాల్సిన పనేముంది?" అన్నాడు. ఆ రోజు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను.

తగ్గింపు అనే మాట

ముందుగా మాటల సంగతి చూద్దాం. తెలుగు బైబిలులో ఈ గుణానికి ఒకే మాట లేదు. దీనమనస్సు ఉంది, సాత్వికం ఉంది, వినయం ఉంది, రిక్తుడు కావడం ఉంది. వీటిలో ఏదీ వేరే సంబంధం లేని కొత్త మాట కాదు. సాత్వికం అనగానే సత్త్వ రజస్తమో గుణాల వ్యవహారం గుర్తొస్తుంది. దీనుడు అంటే అణకువ గలవాడే కాదు, దిక్కులేనివాడు కూడా. భక్తి శతకాల్లో కవి తనను తాను దీనుడినని చెప్పుకోవడం మనకు పాత అలవాటే. కంచెర్ల గోపన్న దాశరథీ శతకం చదివినవారికి ఈ ధోరణి కొత్త కాదు. పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో క్రైస్తవ కీర్తనలు రాసినప్పుడు, ఆ శరణాగతి భాష ఆయనకు సిద్ధంగా దొరికింది. దాన్ని ఎవరూ ఓడలో తేవలసిన అవసరం రాలేదు.

సంఘాల్లో మామూలు జనం మాత్రం ఈ గ్రంథ పదాలు వాడరు. వాళ్ల మాట 'తగ్గింపు'. 'ఆయనకు తగ్గింపు ఉంది', 'మనల్ని మనం తగ్గించుకోవాలి' అంటారు. (పండగ రోజుల్లో బట్టల కొట్టు బోర్డు మీద కూడా ఇదే మాట కనిపిస్తుంది. ఆ అర్థంతో మనకు పని లేదు.) 'తగ్గించుకొను' అనే క్రియను గమనించండి. చివర 'కొను' చేరింది. అంటే చేసేవాడే ఆ పని ఫలితాన్ని పొందుతాడు. ఎవరైనా తనను తాను తగ్గించుకోవాలంటే ముందు అతనికి దిగిరావడానికి కొంత ఎత్తు ఉండాలి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో క్రీస్తు గురించి చెప్పింది సరిగ్గా ఇలాంటి దిగిరావడమే. దేవుని స్థితిలో ఉన్నవాడు దాసుని స్థితికి వచ్చాడు.

మన విద్యార్థి తాత సంగతి వేరు. ఆయన తగ్గించుకోలేదు, ఇతరులు ఆయనను తగ్గించారు. ఈ రెంటికీ మధ్య తేడా వ్యాకరణంలో ఒక ప్రత్యయమంత, జీవితంలో ఒక ఊరంత. మిషనరీ తన విషయంలో తగ్గింపు అన్నప్పుడు ఆ మాట దిగి రావడాన్ని సూచిస్తుంది. అదే మాటను మాదిగవాడలో ప్రసంగిస్తే, వినేవారికి అది ఇప్పటికే మోస్తున్న బరువుకు దేవుడి ముద్ర వేసినట్టు వినిపించవచ్చు. ఒకే ప్రసంగం, రెండు అర్థాలు. ఈ సాహిత్యాన్ని చదివేటప్పుడు ఈ తేడాను మరిచిపోకూడదు.

క్రియకు కర్త ఎవరు?

మిషనరీ నివేదిక ఎవరి కోసం రాసేవారో తెలిస్తే దాని శైలి అర్థమవుతుంది. దాన్ని స్వదేశంలోని సొసైటీ అచ్చు వేసేది. చర్చీల్లో చదివి వినిపించేవారు. విన్నవారు చందాలు ఇచ్చేవారు. అందువల్ల రచయిత పరస్పర విరుద్ధమైన రెండు పనులు చేయాల్సి వచ్చేది. ఫలితం చూపించకపోతే డబ్బు ఆగిపోతుంది. ఫలితం తనదని చెప్పుకుంటే గర్వమవుతుంది. దీనికి దొరికిన పరిష్కారమే 'దేవుడు చేశాడు' అనే వాక్యం. అది నూటికి నూరుపాళ్లు నిజాయితీతో రాసిందే కావచ్చు, అయినా అది ఒక సమయం కూడా. కవిసమయాల గురించి మీరు ఇంతకుముందు చదువుకున్నారు. ఇది కూడా అలాంటిదే.

తెలుగులో దీనికి దగ్గరి ఉదాహరణ పోతన. భాగవతం తాను చెబుతున్నా, చెప్పిస్తున్నది రాముడేనని ఆయన విన్నవించుకున్నాడు. ఇది దేవుని ముందు తగ్గింపు. అయితే మనకు దొరికిన భాగవతంలో కొన్ని స్కంధాలు పోతన రాసినవి కావు. పంచమ స్కంధం గంగనది, షష్ఠం ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయవి. ఆయా స్కంధాల గద్యల్లో ఆ కవుల పేర్లు స్పష్టంగా ఉన్నాయి. చెప్పించింది రాముడే అయినా, రాసిన చేతుల పేర్లు చెరిగిపోలేదు. మిషనరీ రచనలకు మనం పెట్టుకోగల గీటురాయి ఇదే: ఘనత దేవునికి ఇచ్చేటప్పుడు పక్కవాడి పేరు నిలిచిందా, మాయమైందా?

ఇందుకోసం ప్రతి పేరాలో ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. ఇక్కడ క్రియకు కర్త ఎవరు? 'గ్రామంలో సువార్త ప్రకటింపబడింది' అని ఉంటే, ప్రకటించింది ఎవరు? ఎండలో పన్నెండు మైళ్లు నడిచింది ఎవరు? ఈ 'బడు' ప్రయోగం తెలుగుకు అంత సహజం కాదని వ్యాకర్తలు అంటారు. మన క్రైస్తవ వచనంలో మాత్రం అది దండిగా ఉంది. అలవాటుగా వచ్చేసింది కాబట్టి మనం గమనించం. కర్త తప్పుకున్న చోట చాలాసార్లు తెలుగు సువార్తికుడే ఉంటాడు.

విశాఖపట్నం, 1805

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. అప్పటికి ఇంగ్లిషులో అచ్చయిన తెలుగు వ్యాకరణం లేదు. విలియం కేరీ వ్యాకరణం 1814లో, క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. బ్రౌన్ దొర మద్రాసులో దిగింది 1817లో. అంటే ఈ ఇద్దరూ పుస్తకం లేకుండా, చెప్పేవాడి నోటి వెంట తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. బోధించడానికి వచ్చినవారు ముందు విద్యార్థులయ్యారు. అక్షరాలు దిద్దుకునే పెద్దమనిషిని చూసి చిన్నపిల్లలు నవ్వే దృశ్యం ఊహించండి. ప్రార్థనలో చెప్పుకునే వినయం కంటే ఈ వినయం కష్టమైనది. ఎందుకంటే ఇక్కడ తప్పు దిద్దేవాడు కళ్ల ముందే ఉంటాడు.

వారి తెలుగు అనువాదంలో సహకరించినవాడు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఐదేళ్లు తిరగకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. అచ్చు చూసుకోవడానికి డెస్ గ్రాంజెస్ లేడు. సమర్పణ అనే మాటకు అలంకారం లేని అర్థం కావాలంటే ఇక్కడ దొరుకుతుంది. ఫలితం చూడకుండానే పని చేతులు మారింది.

అయినా మన ప్రశ్న వేయక తప్పదు. ఆ సువార్తలను 'డెస్ గ్రాంజెస్ అనువాదం' అంటారు. ఆనందరాయర్ 'సహాయకుడు'. ఐదేళ్ల కిందట తెలుగు అక్షరం తెలియని మనిషి అనువాదకుడు, పుట్టుకతోనే దేశభాషల మధ్య పెరిగిన మనిషి సహాయకుడు! గ్రీకు మూలం తెలిసినవాడు మిషనరీయే కదా అని మీరు అడగవచ్చు. నిజమే, అర్థాన్ని నిర్ణయించే అధికారం అతనిదే. కానీ ఆ అర్థానికి తెలుగులో ప్రాణం పోసే మాటను ఎంచడానికి రెండో మనిషి కావాలి. అనువాదంలో ఏది ఎక్కువ పని అన్న చర్చ ఎప్పటికీ తేలదు. రెండు పేర్లు పక్కపక్కన రాస్తే మాత్రం చర్చ అవసరమే ఉండేది కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

'తగ్గించుకొను', 'తగ్గింపబడు' అనే క్రియల మధ్య తేడాను మీ ఊరి అనుభవం నుంచి ఒక ఉదాహరణతో వివరించండి. మీకు తెలిసిన ఏదైనా సంస్థ వార్షిక నివేదిక తీసుకుని, అందులో కర్త లేని వాక్యాలు ఐదు గుర్తించి, అసలు కర్త ఎవరై ఉంటారో రాయండి. (మతసంస్థ నివేదికే కానక్కరలేదు. ఏ ఆఫీసు నివేదికైనా సరిపోతుంది.)

క్లౌ గ్రంథం

ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ జీవిత కథ దగ్గర. ఆయన 1910లో మరణించాడు. పుస్తకం 1914లో 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అనే పేరుతో వచ్చింది. ఆయన చెప్పగా రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసింది. ఎమ్మా సామాన్యురాలు కాదు. డాక్టరేటు చేసిన విదుషి. అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి ప్రధాన ఆలోచనాపరుడైన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి. అంతకుముందే 1899లో మాదిగల గురువుల గురించి, వారి కథల గురించి 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకం రాసింది. కాబట్టి 1914 పుస్తకంలో 'నేను' అన్న చోటల్లా ఆ గొంతు ఎవరిదన్న సందేహం రావాలి. అందులో కనిపించే తగ్గింపులో ఆయనది ఎంత, దాన్ని దిద్దిన చేతిది ఎంత?

పుస్తకంలో ప్రసిద్ధమైన ఘట్టం ఒకటి ఉంది. ఒంగోలులో క్లౌ పాఠశాలకు పై కులాల పిల్లలు వస్తున్నారు. మాదిగలు క్రైస్తవులుగా రావడం మొదలుపెట్టేసరికి వారిని చేర్చుకుంటే మేము ఉండమని పై కులాలవారు అభ్యంతరం చెప్పారు. ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో, మొదటి భార్య హ్యారియట్ మరో గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరికీ ఒకే భాగం తగిలింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివర, లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. దాంతో సందేహం తీరింది.

విశ్వాసి దీన్ని సమర్పణకు ఉదాహరణగా చదువుతాడు. తప్పు లేదు. విమర్శకుడు ఇంకో సంగతి చూస్తాడు. పై కులాలవారు ముందు మారితే మిగతావారు వెనక వస్తారన్న ఆశ ఆనాటి మిషన్లలో బలంగా ఉండేది. ఆ ఆశను వదులుకున్నానని మద్దతుదారులకు చెప్పాల్సిన క్లౌకు ఈ కథ రక్షణగా నిలిచింది. నిర్ణయం నాది కాదు, దేవునిది. కానీ కాలక్రమం చూడండి. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగే పేరయ్య, బంధుగణాల దారి వెంట కబురు మోసుకువెళ్లాడు. అంటే బైబిలు తెరిచేనాటికే పేరయ్య అడుగు ముందుకు వేసి ఉన్నాడు. క్లౌ ముందున్న ప్రశ్నను తెచ్చిపెట్టింది పేరయ్య. దేవుడు మాట్లాడింది పుస్తకం ద్వారానే కాదు, పేరయ్య ద్వారా కూడా అనుకుంటే వేదాంతపరంగా ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది కథనంలోనే వస్తుంది. రెండు గదులు, రెండు బైబిళ్లు ఉన్న దృశ్యంలో పేరయ్యకు చోటు దొరకలేదు.

పేరయ్య గురించి ఇంకొక మాట. ఆయన క్రైస్తవుడు కాకముందే రాజయోగ గురువుల దగ్గర శిష్యుడు. అహంకారం విడవడం, గురువుకు తనను తాను అప్పగించుకోవడం ఆయనకు తెలిసిన సంగతులే. ఈ విషయం మనకు ఎక్కువగా తెలిసేది ఎమ్మా రచనల వల్లే. ఆమెను మెచ్చుకోకుండా ఉండలేం. మిషనరీ నేర్పడానికి వచ్చిన గుణం ముందే ఇక్కడ ఉందని ఒప్పుకోవడం ఆనాటి మిషన్ రచనల్లో అరుదు.

ఇక 1876-78 నాటి కరువు. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తెలుగు బోధకులు ఆ పనిలో మేస్త్రీలుగా నిలబడ్డారు. కూలి కోసం మతం మారారనే మాట రాకూడదని, సహాయం సాగినంత కాలం, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. నా దృష్టిలో ఈ పుస్తకం మొత్తంలో సమర్పణకు బలమైన నిదర్శనం ఇదే. ఫలితం చేతికి అందే దూరంలో ఉన్నప్పుడు చేయి వెనక్కి తీసుకోవడం చిన్న విషయం కాదు. చందాదారులకు పంపే లెక్కల్లో ఆ నెలలన్నీ ఖాళీగా ఉండి ఉంటాయి.

ఆ తర్వాత 1878 జూలై 3న, ఒంగోలుకు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి సంఖ్య 9,000 దాటింది. 'క్లౌ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చాడు' అని ఇప్పటికీ ప్రసంగాల్లో వింటుంటాం. అది నిజం కాదు. ఆ రోజు నీళ్లలోకి దిగింది అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలిసినప్పుడు మార్చుకుంటూ ఆ పని చేశారు. క్లౌ ఒడ్డున ఉన్నాడు. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఇక్కడ పోతన గద్యలతో పెట్టుకున్న పరీక్షలో రచయిత సగానికి పైగా నెగ్గాడు, పాఠకులే ఓడిపోయారు. ఆయన వదులుకున్న కర్తృత్వాన్ని మనం బలవంతంగా తిరిగి ఆయన చేతిలో పెట్టాం. తగ్గింపును భరించలేనిది ఒక్కోసారి తగ్గించుకున్నవాడు కాదు, అతని అభిమానులు.

విద్యార్థి ప్రశ్నకు సమాధానం కూడా ఆ నది దగ్గరే కొంత దొరుకుతుంది. నీళ్లలో మునిగినవారిలో అత్యధికులు మాదిగలు. ఆ మునకలో తల వంగుతుంది, నిజమే. కానీ వారిని ముట్టుకుని, పేరు పిలిచి, నీళ్లలోంచి లేపి నిలబెట్టారు. తగ్గిన మనిషికి తగ్గింపు బోధించడం కంటే ఆ లేవడమే ముఖ్యమైన భాగం. మన నివేదికలు మునకను లెక్కపెట్టినంత శ్రద్ధగా లేవడాన్ని వర్ణించలేదు.

ఒక నవల సాయం

అంకెలు లేని చోట కల్పన పనికొస్తుంది. జపాన్ రచయిత షుసాకు ఎండో 1966లో రాసిన 'సైలెన్స్' నవలలో 17వ శతాబ్దపు పోర్చుగీసు పాద్రీ రోడ్రిగ్స్ హతసాక్షి కావడానికి సిద్ధపడి జపాన్ వస్తాడు. చావుకు సిద్ధపడటమే అతని సమర్పణ. కానీ అధికారులు అతన్ని చంపరు. అతను క్రీస్తు ప్రతిమను తొక్కేవరకు ఇతరులను హింసిస్తారు. చివరకు అతను తొక్కుతాడు. గొప్ప చావు చస్తానన్న ఊహలో దాగిన గర్వం అప్పుడు బయటపడుతుంది. ఈ నవలపై వాదాలు చాలా ఉన్నాయి, అవి వేరే పాఠం. మనకు కావలసింది ఒక్కటే: మిషనరీ తన త్యాగాన్ని తానే ఎంచుకున్నంత కాలం అది పూర్తిగా అప్పగించుకోవడం కాదు. మన ఆత్మకథల్లో ఇంత లోతుగా తమను తాము తవ్వుకున్న పేజీలు తక్కువ. చందాలిచ్చేవారు చదువుతుండగా అలా రాయడం కష్టం కూడా.

తెలుగువాడే మిషనరీగా

ఇంతవరకు మిషనరీ అంటే తెల్లవాడు, తెలుగువాడు సహాయకుడు. 1903లో ఈ అమరిక తిరగబడింది. తెలుగు బాప్టిస్టు సంఘాల స్వదేశీ మిషన్ సొసైటీ జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపింది. 1860 నుంచి మద్రాసు రేవు ద్వారా ఒప్పందకూలీలుగా వెళ్లిన తెలుగువారు అక్కడ చెరకు, తేయాకు తోటల్లో ఉన్నారు. వారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల వారు చాలామంది. రంగయ్య ఆ ఏడాది చివరికే కియర్‌స్నీ తేయాకు తోటలో సంఘం స్థాపించాడు. 1915లో మరణించేవరకు ఆ పని సాగించాడు.

రంగయ్యకు భాష నేర్చుకునే కష్టం లేదు. క్రాన్‌కు, డెస్ గ్రాంజెస్‌కు దొరికిన ఆ నిర్బంధ వినయం ఆయనకు అవసరమే రాలేదు. అలాగని ఆయన కూలీలతో సమానుడని కూడా అనలేం. ఆయన చదువుకున్నవాడు, స్వేచ్ఛగా ఓడ దిగినవాడు. వాళ్లు ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాళ్లు. సంఘకాపరి కుర్చీకీ కూలీ లైనుకూ మధ్య దూరం ఉంది. చర్మం రంగు ఒకటైనంత మాత్రాన ఆ దూరం పోదు. ఇక్కడ తగ్గింపు పరీక్ష ఇంకా సూక్ష్మమవుతుంది. తెల్లవాడి ఎత్తు అందరికీ కనబడుతుంది కాబట్టి అతను దిగినా దిగకపోయినా తెలుస్తుంది. మనవాడి ఎత్తు మనకే కాదు, అతనికీ కనబడదు. గల్ఫ్‌కూ అమెరికాకూ వెళ్లే నేటి తెలుగు బోధకుల గురించి రాసేటప్పుడు కూడా ఇదే గమనించాలి. కూలీల శిబిరంలో ప్రార్థన పెట్టిన బోధకుడు తన జీవితకథ రాస్తే, ఆ గదిలో చాప పరిచినవాడి పేరు అందులో ఉంటుందా?

రంగయ్య విషయంలో ఒక్క సంగతి మాత్రం ముందటి మిషనరీ కథలన్నిటికీ భిన్నం. ఆయన్ని పంపినవారిలో చాలామంది ఒక తరం కిందట తగ్గింపబడ్డవారే. కాలువ తవ్వినవారి పిల్లలు సముద్రం అవతలికి మనిషిని పంపారు. ఇవ్వడానికి తమ దగ్గర ఏదో ఉందని వారు అనుకున్నారు.

ఆ విద్యార్థి తర్వాతి నెల అసైన్‌మెంట్ తెచ్చి ఇచ్చాడు. దానికి వాళ్ల తాత బాప్తిస్మ పత్రం నకలు జతపరిచాడు. 'ఎవరిచేత' అన్న గీత మీద ఒక తెలుగు పాస్టరు పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. "ఇది సాహిత్యమవుతుందా సార్, దీన్ని గురించి రాయొచ్చా?" అని అడిగాడు. రాయమన్నాను.